పెరటి కరివేప కుండీలో ఎందుకు కుంగిపోతుంది?

పెరట్లో కరివేప చెట్టును ప్రత్యేకంగా పెంచేవాళ్లు తక్కువ. అది తనంతట తాను పెరుగుతుంది. బావి గట్టు పక్కనో, అంట్లు తోమే చోటుకు నాలుగడుగుల దూరంలోనో ఎప్పుడో ఎవరో నాటిన ఒక్క పిలక పదేళ్లలో ఇంటి కప్పును అందుకుంటుంది, వాడకట్టంతా వచ్చి రెబ్బలు తెంపుకుపోయినా తగ్గదు, చుట్టూ మళ్లీ పిలకలు లేపుతుంది. అదే మొక్కను నగరంలో మూడో అంతస్తు బాల్కనీలో పెట్టి, వేళకు నీళ్లు పోసి, ఎరువు వేసి, ప్రతి ఉదయం దగ్గరికి వెళ్లి పలకరించినా ఏడాది తిరిగేలోగా ఆకులు పసుపు తిరిగి, ఒక్కొక్కటే రాలి, చివరకు పుల్ల మిగులుతుంది. ఆలనాపాలనా లేని చోట వర్ధిల్లిన మొక్క అపురూపంగా చూసుకునే చోట చనిపోవడం వింతగానే అనిపిస్తుంది గానీ, కుండీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే అందులో వింతేమీ ఉండదు.

మొక్క కుంగినప్పుడు సలహాలకు కొదవ ఉండదు. పుల్ల మజ్జిగ పోయమని ఒకరు, కోడిగుడ్డు పెంకులు నలిపి వేయమని మరొకరు, ఇనుప మేకులు గుచ్చమని, టీ పిప్పి వేయమని, బియ్యం కడిగిన నీళ్లు పోయమని, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి చల్లమని ఇంకొందరు చెబుతారు. ఇవన్నీ ఒకే లక్షణానికి, అంటే పసుపు తిరిగిన ఆకుకు చెప్పే మందులు. ఆ పసుపు ఆకు వెనక ఐదారు వేర్వేరు కారణాలు ఉండవచ్చు, ఒకదానికి మందైనది మరొకదానికి విషం కావచ్చు. జ్వరం వచ్చిన ప్రతివాడికీ మలేరియా మాత్ర ఇవ్వడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. నా మొదటి కరివేప మొక్క ఇలాగే పోయింది: మజ్జిగతో కోలుకోలేదని గుడ్డు పెంకులు వేశాను, వాటితోనూ లాభం లేదని ఒక చెంచా యూరియా వేశాను, నాలుగో రోజుకు ఉన్న ఆకులన్నీ అంచుల నుంచి మాడిపోయాయి.

నేలలో నాటిన మొక్కకు, కుండీలో పెట్టిన మొక్కకు ఉన్న తేడా మట్టి పరిమాణం మాత్రమే కాదు. నేలలో అన్నిటికీ బయటికి పోయే దారి ఉంది. ఎక్కువైన నీరు కిందికి ఇంకిపోతుంది, నీటితో వచ్చిన లవణాలు వానలకు కొట్టుకుపోతాయి, వేరు ఒకచోట ఇబ్బంది పడితే పక్కకు పాకుతుంది. కుండీలో ఈ మూడు దారులూ దాదాపు మూసుకుపోయి ఉంటాయి. పోసిన నీరు, అందులోని సున్నం, వేసిన ఎరువు, వేర్లు వదిలిన వాయువులు అన్నీ ఆ కొద్దిపాటి మట్టిలోనే పేరుకుంటాయి. కాబట్టి కుంగిన మొక్కను చూసినప్పుడు దీనికి ఏం తక్కువైందని అడిగే ముందు, ఇందులోంచి బయటికి పోవలసినది ఏది పోలేదు అని అడగడం మంచిది. నా అనుభవంలో పది సందర్భాల్లో ఏడెనిమిదింటికి జవాబు ఈ రెండో ప్రశ్నలోనే దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు నీటి సంగతి. వేరు నీళ్లు తాగడమే కాదు, ఊపిరి కూడా తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న సందుల్లోని గాలి నుంచి ప్రాణవాయువు తీసుకుని, దానితో పుట్టే శక్తితోనే లవణాలను లోపలికి లాగుతుంది, నీరు లోపలికి వచ్చే దారులను తెరిచి ఉంచుతుంది. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే ప్రాణవాయువు చేరడం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే గాలిలో కంటే నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరు ముందు పని మానేస్తుంది, తర్వాత కుళ్లుతుంది, ఆ కుళ్లు మీద శిలీంధ్రాలు చేరి మిగతా వేర్లకూ పాకుతాయి. చుట్టూ నీరు ఉన్నా తాగలేని స్థితి అది. అప్పుడు పైన ఆకులు వాడిపోయి వేలాడతాయి, చూసినవాళ్లు పాపం దాహంతో ఉందనుకుని ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. ఇంట్లో పెంచే మొక్కల్లో ఎక్కువ చావులు ఈ ఒక్క పొరపాటు వల్లే జరుగుతాయి.

దాహంతో వాడిన మొక్క, మునిగి వాడిన మొక్క దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. మట్టి పై పొర చూసి తేల్చుకోవడానికి వీల్లేదు. కొబ్బరి పొట్టు, అంటే నర్సరీలవాళ్లు కోకోపీట్ అని అమ్మేది ఎక్కువగా ఉన్న కుండీలో పైన పొడి పొడిగా ఉన్నప్పటికీ అడుగున బురదలా ఉండవచ్చు. దీనికి ఖరీదైన మీటర్లేమీ అక్కర్లేదు. ఒక చీపురుపుల్లను కుండీ అంచు దగ్గర అడుగు దాకా గుచ్చి, పది నిమిషాల తర్వాత తీసి చూస్తే తడి ఎంతవరకు ఉందో తెలుస్తుంది. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, రెండు రోజుల తర్వాత మరోసారి కుండీని చేత్తో ఎత్తి చూస్తే బరువులో తేడా అలవాటవుతుంది. అడుగు కన్నం దగ్గర ముక్కు పెట్టి వాసన చూడటం ఇంకా నమ్మకమైన పరీక్ష: బతికిన మట్టికి తొలకరి వాసన ఉంటుంది, ఊపిరాడని మట్టికి మురికి కాలువ వాసన వస్తుంది.

ఇక్కడ తరతరాలుగా వస్తున్న ఒక అలవాటును ప్రశ్నించాలి. నీరు బాగా దిగుతుందని కుండీ అడుగున గులకరాళ్లో, పగిలిన పెంకులో ఒక పొరగా వేస్తాం. నిజానికి సన్న మట్టిలోని నీరు తన కింద పెద్ద సందులున్న పొర తగిలినప్పుడు వెంటనే దిగదు. పై మట్టి పూర్తిగా నానిపోయే దాకా స్పాంజిలో నీరులా అక్కడే పట్టుకుని ఉంటుంది. అంటే రాళ్ల పొర నీటిని తీసేయకపోగా ఆ తడి ప్రాంతాన్ని వేర్లకు మరో రెండంగుళాలు దగ్గరికి తెస్తుంది. కన్నం మీద మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క లేదా చిన్న వల ముక్క చాలు. కుండీ కింద పెట్టే పళ్లెం విషయమూ అంతే. అందులో నిలిచిన నీటిని అరగంటలో పారబోయకపోతే కుండీకి కన్నం ఉన్నా లేనట్టే.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలో మరో చిక్కు దాగి ఉంటుంది. రోడ్డు పక్కన అమ్మే మొక్కల్లో చాలా భాగం కడియం వంటి చోట్ల నుంచి లారీల్లో వస్తాయి. దారిలో వేరు కదలకుండా ఉండటానికి నల్ల కవరులో బంకమట్టిని బిగించి పెడతారు. ప్రయాణానికి అది మంచిదే. మనం ఆ గట్టి ముద్దను అలాగే తెచ్చి గుల్లగా ఉన్న కొత్త మట్టి మధ్య పెట్టినప్పుడు, పోసిన నీరు చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి జారి కన్నం గుండా పోతుంది, మధ్యలోని ముద్ద ఇటుకలా ఎండి ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క దాహంతో చనిపోయే అరుదైన సందర్భం ఇది. నాటే ముందు ఆ ముద్దను బకెట్ నీటిలో నానబెట్టి, వేర్లు తెగకుండా బయటి మట్టిని మెల్లగా వదిలించాలి.

నీటి లెక్క వెలుతురు మీద ఆధారపడి ఉంటుందన్న సంగతిని చాలామంది గుర్తించరు. ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్సులు ఉంటే, మన కంటికి చక్కగా వెలుగ్గా కనిపించే హాలులో అది కొన్ని వందలు మాత్రమే. కిటికీ పక్కనైతే కొన్ని వేలు. కన్ను తనను తాను సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు, మొక్కకు మాత్రం అది కడుపు నిండా తిండికీ పస్తుకూ ఉన్న తేడా. వెలుతురు తగ్గితే ఆకు ఆహారం తక్కువ తయారు చేస్తుంది, నీటిని తక్కువ ఆవిరి చేస్తుంది. ఎండలో రెండు రోజుల్లో ఖర్చయ్యే నీరు గదిలో పది రోజులైనా కుండీలోనే ఉంటుంది. కరివేపకు రోజుకు ఐదారు గంటల నేరుటెండ కావాలి. అది లేని బాల్కనీలో మొక్క బతకవచ్చు గానీ, సాగిపోయిన సన్న కొమ్మలతో, దూరదూరంగా చిన్న ఆకులతో ఉంటుంది, దానికి ఎన్ని ఎరువులు వేసినా ఫలితం ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి అయిన పసుపు ఆకు దగ్గరికి వద్దాం. ఏ ఆకు పసుపు తిరిగిందన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. నత్రజని తక్కువైనప్పుడు మొక్క ముసలి ఆకుల్లో ఉన్న నత్రజనిని విడగొట్టి చిగురుకు పంపుతుంది, అందుకే కింది ఆకులు ముందు మొత్తంగా పాలిపోతాయి, చిగురు ఆకుపచ్చగానే ఉంటుంది. ఇనుము అలా కదలదు. ఒకసారి ఆకులో కుదురుకున్నాక అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఇనుము అందకపోతే పాత ఆకులు బాగానే ఉంటాయి, కొత్తగా వచ్చే చిగురే పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా కనిపిస్తూ వస్తుంది, ముదిరితే దాదాపు తెల్లగా మారుతుంది. మెగ్నీషియం లోపంలో ఈనెల మధ్య పసుపు ముసలి ఆకుల్లో కనిపిస్తుంది. ఎప్సమ్ సాల్ట్ పనికొచ్చేది ఈ ఒక్క సందర్భంలోనే. కింద, పైన తేడా లేకుండా ఆకులన్నీ ఒకేసారి పాలిపోయి, ముట్టుకుంటే రాలిపోతూ, మట్టి తడిగా ఉంటే అది వేరు కుళ్లు. ఆకు కొసలు, అంచులు గోధుమ రంగులో మాడితే లవణాలు పేరుకున్నాయని అర్థం.

మన నగరాల కుండీల్లో నేను ఎక్కువగా చూసింది ఇనుము అందని పసుపు. వినడానికి ఇది నమ్మశక్యంగా ఉండదు, ఎందుకంటే మనం వాడే ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము తుప్పు వల్ల. ఇనుములో కూర్చుని ఇనుము లేక అల్లాడటం ఏమిటి? కారణం మట్టి పులుపులో ఉంది. వేరు తీసుకోగలిగేది నీటిలో కరిగిన ఇనుమునే; మట్టి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది పెరిగితే పులుపు తగ్గినట్టు) ఒక్క అంకె పెరిగితే కరిగే ఇనుము సుమారు 1,000 రెట్లు తగ్గుతుంది. కరివేపకు పీహెచ్ ఆరు నుంచి ఏడు లోపు, అంటే కాస్త పులుపు వైపు ఉన్న మట్టి నచ్చుతుంది. మనం పోసేదేమో బోరు నీరు. తెలంగాణలో, రాయలసీమలో చాలా చోట్ల బోరు నీటిలో సున్నపు లవణాలు, బైకార్బొనేట్లు ఎక్కువ. గీజరు రాడ్ మీద, నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర అదే. ఆ నీరు ఏడాది పాటు రోజూ ఒక చెంబు చొప్పున పోస్తే కుండీ మట్టికి మెల్లగా సున్నం వేసినట్టే అవుతుంది, పీహెచ్ పెరుగుతుంది.

దీనికి తోడు మన పొదుపు ఒకటి. వంటింట్లో ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని వృథా చేయడం ఇష్టం లేక బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తాం. ఆ యంత్రం మంచినీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ వదిలిన నీటిలోనే ఉంటాయి, మామూలు బోరు నీటి కంటే ఇంకా చిక్కగా. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి అది బాగుంటుంది, కుండీకి కాదు. దానికి బదులు ఏసీ గొట్టం నుంచి కారే నీరు పట్టుకోవచ్చు. అది గాలిలోని తేమ చల్లబడి చేరిన నీరు, లవణాలు దాదాపు ఉండవు. అన్నిటికంటే మేలైనది వాన నీరే. వేసవి పొడవునా పాలిపోయి ఉన్న కరివేప ఆషాఢం వానలకు ఒక్కసారిగా పచ్చబడటం చాలామంది చూసే ఉంటారు. వాన నీటి చల్లదనంతో పాటు, అది పేరుకున్న సున్నాన్ని, లవణాలను కడిగి బయటికి పంపడం కూడా అందుకు కారణం. మనం కూడా ఆ పని చేయవచ్చు: నెలకోసారి కుండీని నేల మీద పెట్టి, మట్టి ఎంత ఉందో దానికి రెండు మూడు రెట్ల మంచినీటిని నెమ్మదిగా పోసి కన్నం గుండా పోనివ్వాలి. నీరు సరిగా దిగని కుండీలో మాత్రం ఈ పని చేయకూడదు.

కరివేప ఇంతగా పులుపు కోరడానికి దాని వంశమూ ఒక కారణం. అది నిమ్మ, నారింజ, బత్తాయిల కుటుంబానికి చెందినది. ఇనుము అందక చిగురు పాలిపోవడం బత్తాయి రైతులకు పాత తలనొప్పి. కరివేప శాస్త్రీయ నామంలో ఉన్న కోయినిగి అన్న మాట యోహాన్ గెర్హార్డ్ కోయినిగ్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కు శిష్యుడైన ఆయన 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి, దక్షిణాది మొక్కలను సేకరిస్తూ తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. రోజూ పోపులో వేసే ఆకు పేరులో ఉన్న మనిషి చివరి మజిలీ మన తీరంలోనే అన్న సంగతి నాకు ఎందుకో నచ్చుతుంది.

ఇంటి చిట్కాలను ఈ వెలుగులో చూస్తే ఏది ఎక్కడ పనికొస్తుందో తేలుతుంది. పుల్ల మజ్జిగ వెనక ఒక పరిశీలన ఉంది: అందులోని పులుపు కొద్దికాలం మట్టిని పులుపు వైపు తిప్పుతుంది, దాని మాంసకృత్తులు కుళ్లి కాస్త నత్రజని ఇస్తాయి. నాలుగైదు రెట్లు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తే మేలే జరగవచ్చు, కానీ మట్టిలోని సూక్ష్మజీవులు ఆ పులుపును కొద్ది రోజుల్లో తినేస్తాయి కాబట్టి బోరు నీటి సున్నాన్ని అది గెలవలేదు. చిక్కటి మజ్జిగ పోస్తే వచ్చేది వాసన, చీమలు. గుడ్డు పెంకు అంటే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. సున్నం ఎక్కువై కుంగిన మొక్కకు దాన్ని పొడి చేసి వేయడం పుండు మీద కారం చల్లడమే. పొడి చేయకుండా వేస్తే ఏళ్ల తరబడి కరగదు, అది ఒక రకంగా అదృష్టం. ఇనుప మేకు తుప్పు పట్టి ఇచ్చేది ఎర్రమట్టిలో ఇప్పటికే ఉన్న పదార్థమే. టీ పిప్పిని పాలు, చక్కెర పోయేలా కడిగి, ఎండబెట్టి, కంపోస్టులో వేస్తే మంచిది. బియ్యం కడుగు నీళ్లకు హాని లేదు, అద్భుతమూ లేదు.

ఇనుము లోపమే అని చిగురు చూసి నిర్ధారించుకున్నాక, బత్తాయి తోటల్లో వాడే మందునే కుండీకి తగ్గించి వాడవచ్చు. విత్తనాల దుకాణంలో దొరికే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము లీటరు నీటిలో కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద సన్నగా పిచికారీ చేయాలి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే కొత్త చిగురు పచ్చగా రావడం కనిపిస్తుంది. కలిపిన నీరు ఎర్రబడితే పారబోసి కొత్తగా కలుపుకోవాలి, ఎందుకంటే ఆ ఎరుపు అంటే ఇనుము అప్పుడే తుప్పుగా మారిపోయిందని. ఇనుమును కరిగిన రూపంలోనే పట్టి ఉంచే, చిలేటెడ్ ఐరన్ పేరుతో అమ్మే పొడుల్లో ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో త్వరగా విడిపోతుంది కాబట్టి ఆకుల మీద చల్లడానికే పనికొస్తుంది, ఈడీడీహెచ్ఏ రకం అలాంటి మట్టిలోనూ నిలుస్తుంది. ఈ చికిత్సంతా తాత్కాలికం. నీరు మారకపోతే పసుపు మళ్లీ వస్తుంది.

వేరు కుళ్లినట్టు అనుమానం ఉంటే పిచికారీలు, ఎరువులు అన్నీ పక్కన పెట్టి మొక్కను కుండీ నుంచి బయటికి తీయాలి. చాలామంది ఇక్కడే జంకుతారు, తీస్తే చచ్చిపోతుందేమోనని. తీయకపోతే ఎలాగూ చస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, వంచితే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు నల్లబడి, రెండు వేళ్లతో లాగితే పై తొక్క ఊడి లోపలి దారంలాంటి నార మిగులుతుంది. నల్లబడిన భాగాన్ని శుభ్రమైన కత్తెరతో మంచి వేరు కనిపించే దాకా కత్తిరించాలి. వేర్లు కుళ్లకుండా కుండీ గోడ వెంట చాప అల్లినట్టు చుట్టుకుపోయి ఉంటే అది వేరే కథ. అక్కడ చోటు చాలలేదు కాబట్టి, ఆ చుట్టలను నాలుగు పక్కలా కొద్దిగా విప్పి రెండంగుళాలు వెడల్పైన కుండీలోకి మార్చాలి.

మళ్లీ నాటేందుకు నేను వాడే మిశ్రమంలో సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, పావు వంతు ముతక ఇసుక ఉంటాయి. ఇసుక దొరకని చోట వరి ఊక కలుపుతాను. వేరు కుళ్లిన మొక్కకైతే ఎరువు భాగం కూడా తగ్గించి ఇసుక పెంచుతాను. కుండీ పెద్దదైతే మంచిదన్న ఆలోచన ఇక్కడ బెడిసికొడుతుంది. వేర్లు తగ్గిన మొక్కను పెద్ద కుండీలో పెడితే ఆ వేర్లు తాగలేని నీరంతా చుట్టూ నిలిచి మళ్లీ అదే కుళ్లు మొదలవుతుంది. ఉన్న వేర్లు పట్టేంత కుండీ చాలు, మట్టి కుండీ అయితే దాని గోడల గుండా కూడా తడి ఆరుతుంది కాబట్టి మరీ మంచిది. వేర్లు సగం పోయాయి కనుక కొమ్మలూ సగం కొట్టేయాలని కొందరంటారు. మిగిలిన ఆకులే కొత్త వేరుకు తిండి పెట్టాలి కాబట్టి నేను ఎండిన కొమ్మలను మాత్రమే తీసి, రెండు వారాలు వెలుతురున్న నీడలో ఉంచి, ఆ తర్వాత మెల్లగా ఎండకు అలవాటు చేస్తాను. ఈ పనికి జూన్, జూలై నెలలు అనుకూలం. రోహిణి కార్తెలో చేస్తే ఎంత జాగ్రత్త పడినా సగం మొక్కలు తట్టుకోలేవు.

నీరసించిన మొక్కకు బలం పెట్టాలనే తొందర మనకు ఎక్కువ. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఎకరాల లెక్కన వాడే వస్తువును చిన్న కుండీలో ఒక చెంచా వేస్తే మట్టిలోని నీరు ఎంత చిక్కబడుతుందంటే, అది వేరులోకి పోవడానికి బదులు వేరులోని నీటినే బయటికి లాగుతుంది. ఉప్పు చల్లిన మామిడి ముక్క నీరు వదిలినట్టే ఇదీ. నా మొదటి మొక్క అంచుల నుంచి మాడింది అందుకే. కొత్త చిగురు రెండంగుళాలు సాగే దాకా ఏ ఎరువూ వద్దు. సాగిన తర్వాత నెలకో గుప్పెడు వర్మీకంపోస్టుతో మొదలుపెట్టవచ్చు.

వీటితో పోల్చి చూస్తే పురుగుల సంగతి సులువు. లేత ఆకులను రాత్రికి రాత్రి కొరికి పుల్లలు మిగిల్చేది నిమ్మజాతి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోక చిలుక గొంగళి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉంటుంది, కదిలిస్తే తల వెనక నుంచి రంగు కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. మొక్క పెద్దదైతే దాని భాగం దానికి వదిలేయవచ్చు, చిన్నదైతే చేత్తో తీసేయడమే. కాండం మీద చీమలు బారు కడితే పైన ఎక్కడో రసం పీల్చే పిండినల్లో, పొలుసు పురుగో, సిల్లా పురుగో ఉందని గ్రహించాలి, అవి విసర్జించే తియ్యటి జిగురు కోసమే చీమలు ఎక్కుతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు నీరు చేర్చి, ఆకుల అడుగు భాగం తడిసేలా వారానికోసారి చల్లితే చాలావరకు అదుపులోకి వస్తాయి. మనం తినే ఆకు కాబట్టి మొక్క ఒంట్లోకి ఇంకే రసాయన మందుల జోలికి పోకూడదు.

ఈ సిల్లా పురుగు వల్లనే అమెరికాలోని తెలుగువాళ్లకు కరివేప మొక్క దొరకడం కష్టమైంది. నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే ఈ పురుగు ఫ్లోరిడాలో 1998లో, తెగులు 2005లో కనిపించాయి. కరివేప ఆ పురుగుకు ఇష్టమైన ఆవాసం కాబట్టి నిమ్మజాతి మొక్కలతో పాటు దీని రవాణా మీదా ఆంక్షలు వచ్చాయి. స్నేహితుల ఇంటి నుంచి ఒక పిలక కారులో వేసుకుని రాష్ట్రం దాటించడం మామూలు విషయంగా అనిపించినా నిబంధనల ప్రకారం నేరం కావచ్చు. అక్కడ దొరికిన మొక్కకు మరో గండం చలికాలం. మంచు పడే ముందు ఇంట్లోకి తెస్తారు, వెలుతురు ఒక్కసారిగా పడిపోతుంది, హీటరు గాలికి తేమ ఆరిపోయి ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది, డిసెంబరుకు ఆకులన్నీ రాలతాయి. ఆకు రాలడం చాలాసార్లు చావు కాదు, నిద్ర. చలికి ఆకు రాల్చి ఎదుగుదల ఆపడం ఈ చెట్టు స్వభావంలోనే ఉంది, హైదరాబాద్ చలికే కొన్ని కుండీల్లో సగం ఆకు రాలుతుంది. ఆ నిద్రలో ఉన్న మొక్కకు బెంగతో వేసవిలాగే నీళ్లు పోయడమే దాన్ని నిజంగా చంపుతుంది. ఆకు లేని మొక్కకు మూడు వారాలకోసారి గ్లాసుడు నీరు కూడా ఎక్కువే కావచ్చు.

కోలుకుంటున్న మొక్క నుంచి ఆకు తెంపే తీరు కూడా చెప్పాలి. మనం రెబ్బ అనేది నిజానికి ఒకే ఆకు, దాని ఈనెకు పదిహేను ఇరవై చిట్టి ఆకులుంటాయి. పోపు వేళకు తొందరగా రెబ్బలోని చిట్టి ఆకులను మాత్రం దూసుకుని ఈనెను మొక్క మీద వదిలేస్తే ఆ ఈనె ఎండుతూ అక్కడ ఏమీ రాకుండా ఉండిపోతుంది. రెబ్బను మొదలంటా తీయాలి, ఇంకా మంచిది కొమ్మ కొసను రెండు మూడు రెబ్బలతో సహా తుంచడం; తుంచిన చోటు కింద రెండు కొత్త కొమ్మలు వస్తాయి. కుండీలోని మొక్క పూత పూస్తే ఆ గుత్తిని తీసేస్తేనే ఆకు నిలుస్తుంది. అయితే ఈ తుంచడమంతా మొక్క పూర్తిగా తేరుకుని, కొత్త రెబ్బలు ఎనిమిది పది ముదిరాకే.

మొక్క పూర్తిగా పుల్లగా మిగిలినప్పుడు పారేయాలా, ఆగాలా అని తేల్చుకోవడానికి గోరు చాలు. కొస నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ అక్కడక్కడ బెరడును గోరుతో గీరాలి. లోపల పచ్చగా, తడిగా కనిపించిన చోటు దాకా ప్రాణం ఉంది, గోధుమ రంగులో పొడిగా ఉన్న పై భాగాన్ని అక్కడికి పైన ఒక అంగుళం వదిలి కత్తిరించేయవచ్చు. మొదలు దాకా పొడిగానే ఉన్నా వెంటనే కుండీ ఖాళీ చేయనక్కర్లేదు. కరివేప వేరు నుంచి పిలక లేపే జాతి. గత ఏడాది సంక్రాంతికి పూర్తిగా ఎండిపోయిందనుకున్న నా రెండో మొక్కను కాండం నేలబారుకు కొట్టేసి, కుండీని వాన చినుకులు పడే మూలకు జరిపి, మట్టి మరీ గట్టిపడకుండా అప్పుడప్పుడు తడుపుతూ వచ్చాను. జూన్ నెలాఖరులో కుండీ అంచు దగ్గర అగ్గిపుల్లంత పిలక ఒకటి లేచింది, దాని మొదటి రెబ్బకు ఐదే ఆకులున్నాయి.